అలక అనే గులాబీ

ఆయన ఊళ్లో పెద్ద పార్కులో ముప్ఫయ్యేళ్లు గులాబీలకు అంట్లు కట్టాడు. అందుకే అందరికీ అంట్ల మామయ్య. "తోటలో అంట్లు ఆయనవి, ఇంట్లో అంట్లు నావి" అని నవ్వించేది ఆయన భార్య.

ఆవిడకు కోపమొస్తే మాటలుండవు. తల వంచుకుని తన పని తాను చేసుకుపోయేది. బతిమాలితే ముఖం తిప్పుకునేది. మధ్యాహ్నానికి తనే "అన్నం తినరా?" అని పిలిచేది.

ఒక ఏడు మామయ్య గింజలేసి పెంచిన మొక్కల్లో ఒకటి వింతగా పూసింది. లేత పసుపు, అంచుల్లో ఎరుపు. పొద్దున్నంతా మెడ వంచి నేలచూపులు చూస్తుంది, ఎండెక్కితే గానీ రేకులు విప్పదు. మామయ్యకు నవ్వాగలేదు. చెక్కముక్క మీద 'అలక' అని రాసి పక్కన గుచ్చాడు. ఆదివారం భార్యను తీసుకొచ్చి చూపించాడు.

"నలుగురూ చదివేచోట నా పరువు తీస్తారా?" అందావిడ. అంటూనే వంగి పువ్వు ముఖంలోకి చూసింది. ఆ తరవాత రోజూ అడిగేది, "నా పేరుగలది ఎలా ఉంది?" అని.

నాలుగో ఏడు పార్కు సూపరింటెండెంటు ఆ మొక్కను పూల పోటీకి పంపాడు. ఫారంలో పేరు రాయాలి.

"అలకండి" అన్నాడు మామయ్య.

"అదేం ఏడుపుగొట్టు పేరయ్యా! బహుమతి రావాలా, వద్దా?" అని ఆయన 'రాణీహాసం' అని రాసేశాడు. "అది మా ఆవిడ..." అని మామయ్య నోరు తెరిచేలోపు సంతకమూ అయిపోయింది.

బహుమతి వచ్చింది. పేరుకో కథ కావాలి కాబట్టి సూపరింటెండెంటే అల్లాడు: ఎన్నడూ నవ్వని రాణెవరో ఈ పువ్వును చూసి నవ్విందట. ఇత్తడి పలక మీద చెక్కించాడు. వచ్చినవాళ్లకు అది చెప్పే పని మామయ్య నెత్తిన పడింది. ఒకసారి బడిపిల్లలకు ఉన్నమాట చెప్పేశాడు. మర్నాడే సూపరింటెండెంటు నుంచి పిలుపు. "నీ ఇంటి సంగతులు జనానికెందుకయ్యా?"

ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ పార్కుకొస్తానన్నప్పుడల్లా పూత లేదనీ, మందు కొట్టారనీ దాటేశాడు. ఒకరోజు ఆవిడే చెల్లెల్ని వెంటబెట్టుకుని చెప్పకుండా వచ్చింది. అప్పటికి మామయ్య చుట్టూ ఇరవైమంది. పక్కనే సూపరింటెండెంటు.

"ఊఁ, కానివ్వు" అన్నాడాయన.

గుంపులో భార్య కనిపించింది. అయినా మామయ్య రాణి కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. అందరితోపాటు ఆవిడా విన్నది. పలక చదివింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఆవిడ మామూలుగానే మాట్లాడుతోంది. మామయ్యకు అది చూసే భయమేసింది.

"నేనేం చెయ్యను చెప్పు..."

"మీరేం చేస్తారు? కథ బాగానే చెప్పారు."

మళ్లీ ఆ మొక్క ఊసెత్తలేదు ఆవిడ. మామయ్య పేరు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. నమోదైన పేరు మారదని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. రెండేళ్లకు ఉద్యోగం నుంచి దిగిపోయాడు.

ఇప్పుడు కొత్త తోటమాలి ఆ కథను ఇంకా రక్తి కట్టిస్తున్నాడట. ఈమధ్య అందులో ఒక రాజు కూడా చేరాడని చెల్లెలొచ్చి చెప్పింది. మామయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

"అలాగా" అంది ఆవిడ.