పొడుగు కుర్రాడి మీద నేను రాసిన రిపోర్టు

విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి నేను ఫిజికల్ డైరెక్టర్ని, అందరూ పీడీ అంటారు. ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడాను. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఆ ఎత్తుతో జట్టులో నిలబడాలంటే మిగతావాళ్ళకు రెట్టింపు పరుగెత్తాల్సి వచ్చేది. అందుకేనేమో, పొడుగ్గా పుట్టినవాళ్ళను చూస్తే నాలో ముందు ఆశ పుడుతుంది, ఆ వెనకే చిన్న కసి కూడా పుడుతుంది. ఆ కసి సంగతి నాకే చాలాకాలం తెలియలేదు. ఒక కుర్రాడు కాలేజీ వదిలి వెళ్ళిపోయాక తెలిసింది.

అతను మొదట కనబడింది అడ్మిషన్ల రోజుల్లో. ఆఫీసు గుమ్మంలో తల వంచుకుని లోపలికి వచ్చాడు. వెనకాల వాళ్ళమ్మ, చేతిలో సర్టిఫికెట్ల కవరు. పామర్రు అవతల ఒక పల్లె వాళ్ళది. తండ్రి లేడు. ఆవిడ నాట్లకీ, మినుము తీతకీ వెళ్ళి పిల్లాణ్ణి ఇంటర్ దాకా చదివించింది. బి.కాం సీటు కోసం వచ్చారు. నేను చేతిలో పని పక్కన పెట్టి, ఎంత ఎత్తున్నావని అడిగాను.

"తెలీదండి. ఎప్పుడూ కొలవలేదండి," అన్నాడు.

గోడకు నిలబెట్టి కొలిస్తే ఆరడుగుల అయిదంగుళాలు. బాస్కెట్‌బాల్ ఎప్పుడూ ముట్టుకోలేదట. స్కూల్లో వాలీబాల్ ఆడేవాళ్ళకు బంతులు అందించేవాడట. నేను ఆ మధ్యాహ్నమే కాలేజీ కరెస్పాండెంట్ గారి గదికి వెళ్ళాను. కాలేజీ ఆయనదే, నిర్ణయాలూ ఆయనవే. ఈ కుర్రాణ్ణి రెండేళ్ళు నాకు వదిలేయండి, మనకు బాస్కెట్ బోర్డు కింద ఎదురు ఉండదు అని చెప్పాను. ఆయన నా మాట మీద స్పోర్ట్స్ కోటాలో సీటూ, హాస్టలూ ఫ్రీగా ఇచ్చారు. ఒకటే షరతు. ప్రతి సెమిస్టరు చివర అతని ఆట ఎంత మెరుగుపడిందో నేను రిపోర్టు రాసివ్వాలి.

పొట్టి ఆటగాడి ప్రగతి వారంలో కంటికి కనబడుతుంది. పొడుగువాడిది అలా కాదు. బోర్డు కింద ఆడేవాణ్ణి మేం పోస్ట్ ప్లేయర్ అంటాం. వాడి కాళ్ళూ చేతులూ చాలాకాలం వాడి మాట వినవు. ముందు పాదాలు దారికొస్తాయి, తర్వాత ఎప్పటికో చేతులు, అన్నిటికన్నా ఆఖర్న ధైర్యం వస్తుంది. ఇది నాకు తెలుసు. కొత్తగా వచ్చిన పీడీలకు నేనే చెబుతుంటాను.

మొదటి సంవత్సరం అతనికి పాస్ ఇస్తే బంతి ఛాతీకి తగిలి కింద పడేది. జట్టంతా నవ్వేది, అతనూ నవ్వేవాడు. నేను టెన్నిస్ బంతులు తెప్పించి గోడకు కొట్టి ఒంటిచేత్తో పట్టుకోమనేదాన్ని. రోజూ స్కిప్పింగ్ చేయించేదాన్ని. మా కోర్టు సిమెంటుది. సాయంత్రం నాలుగున్నరకు కూడా కాలుతూనే ఉంటుంది. ఆ వేడిలో మిగతావాళ్ళు నీడ చూసుకుంటుంటే అతను తాడు తిప్పుతూనే ఉండేవాడు. సంవత్సరం తిరిగేసరికి బంతి చేతుల్లో ఆగటం మొదలైంది. రెండో సంవత్సరం మొదట్లో, పటమటలో జరిగిన ఒక చిన్న టోర్నమెంటులో, రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతుల్ని, అంటే రీబౌండ్లని, వరసగా మూడు పట్టి మూడోదాన్ని తనే తిరిగి బాస్కెట్‌లో వేశాడు. బెంచి మీద నుంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ రాత్రి ఇంట్లో అందరికీ చెప్పాను.

ఆ తర్వాతే జారుడు మొదలైంది. మ్యాచ్‌లో ఉండే నాలుగు క్వార్టర్లలో తొలి రెండూ బాగానే ఆడేవాడు. మూడో క్వార్టర్ వచ్చేసరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయేవాడు. అందరూ అవతలి బోర్డు దగ్గరకు చేరాక అతను సగం కోర్టు దాటేవాడు. ప్రాక్టీసులోనూ అంతే. నేను మరికాస్త పరుగెత్తించాను. అయినా మారలేదు. సీటు దొరికింది కదా, ఇక చాలనుకుంటున్నాడని నా మనసుకు తోచింది. ఒకసారి అలా తోచాక ప్రతి రోజూ దానికి ఒక రుజువు దొరికేది.

ఆ ఏడాది అంతర్ కళాశాలల పోటీల్లో సెమీఫైనల్ రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆఖరి నిమిషంలో బంతి రింగుకు తగిలి పైకి లేచింది. మా కుర్రాడు దాని కిందే ఉన్నాడు. ఎగరలేదు. అతనికన్నా జానెడు పొట్టివాడు ఎగిరి పట్టుకుపోయాడు. మ్యాచ్ అయ్యాక జట్టందరి ముందూ అతన్ని నిలబెట్టాను.

"నీకు దేవుడిచ్చినదాంట్లో సగమైనా వాడుతున్నావా? ఆ ఎత్తు నాకుంటే ఎక్కడ ఉండేదాన్నో తెలుసా?"

అతను తల వంచుకుని సారీ మేడమ్ అన్నాడు. అంతకుమించి ఏమీ అనకపోవటం కూడా నాకు పొగరులాగే కనబడింది.

వారం తర్వాత రిపోర్టు రాశాను. ఎత్తు కొలిచాను, ఒక అంగుళం పెరిగాడు. బరువు చూశాను, మొదటి ఏడాది ఎనభై మూడు కిలోలు ఉన్నవాడు డెబ్బై ఎనిమిదికి వచ్చాడు. ఆ రెండు అంకెలనూ నా చేత్తోనే పక్కపక్కన వేశాను. బరువు తగ్గాడు, ఇంకా చురుగ్గా ఉండాలి కదా అని కూడా అనుకున్నాను. అభిప్రాయం రాయాల్సిన చోట, ఓర్పు లేదు, పట్టుదల లేదు, ఇకపై మెరుగుపడే అవకాశం తక్కువ అని రాసి సంతకం పెట్టాను.

సెలవులకు ముందే ఆఫీసు నుంచి అతనికి కాగితం వెళ్ళింది. మూడో సంవత్సరం ఫీజులూ హాస్టలూ సొంతంగా కట్టుకోవాలి. కట్టుకోలేడని అందరికీ తెలుసు.

సామాను తీసుకెళ్ళటానికి వాళ్ళమ్మ వచ్చింది. నా గది ముందు నిలబడి వందనాలమ్మా అంది. మా చర్చిలో పలకరించుకునే మాటే అది. లోపలికి రమ్మని కుర్చీ చూపించాను. ఆవిడ అంచు మీద కూర్చుంది. నిష్ఠూరం ఆడుతుందని, ఏడుస్తుందని నేను మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆవిడ అదేమీ చేయలేదు. రెండేళ్ళు చూసుకున్నారు, అదే పదివేలు అంది. మాటల్లో మాటగా అడిగింది.

"ఒక్కటి అడుగుతానమ్మా, ఏమీ అనుకోకండి. హాస్టల్లో అన్నం సరిగ్గా పెట్టరాండి? ఈ ఏడాది ఇంటికొచ్చినప్పుడల్లా గిన్నె ఖాళీ అయ్యేదాకా తింటానే ఉన్నాడండి. తిని, పడుకుని, లేచి మళ్ళీ తింటాడు. ఏంట్రా అంటే ఏం లేదంటాడు."

ఆవిడ వెళ్ళాక జట్టు కెప్టెన్‌ని పిలిపించాను. అతనూ హాస్టల్లోనే ఉంటాడు. మొదట నసిగాడు. తర్వాత చెప్పాడు. రెండో ఏడాది మొదట్లో ఎవరో మెస్‌లో ఆ పొడుగు కుర్రాడి కంచాన్ని, గుట్టలాంటి అన్నాన్ని, ఫోన్లో వీడియో తీసి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టారట. దాని కింద నవ్వులే నవ్వులు. వడ్డించేవాడు కూడా, ఇద్దరి తిండి వచ్చిందిరోయ్ అని రోజూ అనేవాడట. ఆ రోజు నుంచి అతను పక్కవాడు ఎంత పెట్టించుకుంటే అంతే పెట్టించుకున్నాడు. పొద్దున నాలుగు ఇడ్లీలు, రాత్రి మూడు చపాతీలు. మధ్యాహ్నం అన్నం రెండోసారి అడగలేదు. ఆ ఒంటితో, ఆ తిండితో, నేను పెట్టిన పరుగులన్నీ పరుగెత్తాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు బాగా కోపంగా ఉండేవారు కదా మేడమ్," అన్నాడు కెప్టెన్.

కెప్టెన్ వెళ్ళాక ఫోన్లో పాత మ్యాచ్‌ల వీడియోలు తీసి చూశాను. ఇప్పుడవి వేరేగా కనబడ్డాయి. మూడో క్వార్టర్లో ఆ కుర్రాడు వంగినప్పుడల్లా తలెత్తి బోర్డు వైపే చూస్తున్నాడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే కనిపెట్టి ఆ చోటుకే నడుస్తున్నాడు. చోటు సరైనదే. ఒంట్లో సత్తువే లేదు. నేను రెండేళ్ళు నేర్పిన సంగతి అతనికి వచ్చేసింది. వచ్చిందని నేనే గుర్తుపట్టలేదు.

మర్నాడు కరెస్పాండెంట్ గారి దగ్గరకు వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన విసుక్కోలేదు. మంచినీళ్ళు తెప్పించి నిదానంగా అన్నారు.

"మేం చేసింది మీరు రాసినదాన్ని బట్టే కదమ్మా. ఆ రిపోర్టు తప్పని ఇంకో కాగితం రాసివ్వండి. చూద్దాం."

అక్కడే రాసివ్వాల్సింది. నేను రేపిస్తానండీ అని వచ్చేశాను. నా కాంట్రాక్టు ఆ నెలలోనే రెన్యువల్‌కు ఉంది. నేను తప్పుగా అంచనా వేశాను అని నా చేత్తో నేనే రాసిచ్చిన కాగితం నా ఫైల్లో ఉండిపోతుంది. ఆ రాత్రి రాశాను, చించాను. మరుసటి రోజు తలనొప్పి అని సెలవు పెట్టాను. మూడో రోజు పొద్దున తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పటికి ఆ సీటు వాలీబాల్ ఆడే ఇంకో అబ్బాయికి ఇచ్చేశామని చెప్పారు. ముందు రోజే ఇచ్చారో, అంతకుముందే మాటిచ్చారో నాకు తెలియదు. అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయపడ్డాను.

అతని నంబరుకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ ఆదివారం చర్చిలో అందరితో పాటు మోకరించాను గానీ ప్రార్థన సాగలేదు.

తర్వాతి ఏడాది మా జట్టును మైలవరం తీసుకెళ్ళాను. అక్కడొక టోర్నమెంటు. రెండో మ్యాచ్‌లో మా ఎదుటి జట్టు కోర్టులోకి వస్తుంటే అందులో అతను ఉన్నాడు. ఇంకో కాలేజీలో చేరాడని అప్పుడే తెలిసింది. ఒళ్ళు చేశాడు, భుజాలు వెడల్పయ్యాయి. నన్ను చూసి తల ఊపాడు. అంతే, మళ్ళీ నా వైపు చూడలేదు.

గొప్పగా ఆడాడని చెప్పను. ఫ్రీత్రోలు చాలా పోగొట్టుకున్నాడు. ఎడమచెయ్యి ఇంకా మొద్దుగానే ఉంది. కానీ నాలుగు క్వార్టర్లూ నిలబడ్డాడు. చివర్లో మావాళ్ళు ఇద్దరు మీద పడుతున్నా రీబౌండ్ పట్టి, మోచేతులు విప్పి, తొణక్కుండా బయటికి పాస్ ఇచ్చాడు. ఆ మోచేతులు విప్పటం నేను నేర్పిందే. మేం ఓడిపోయాం. నాకు సంతోషం వేసింది, ఆ సంతోషానికి నాకు హక్కు లేదనీ అనిపించింది.

మ్యాచ్ అయ్యాక అతను కొళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే వెళ్ళి పలకరించాను. అమ్మ ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. తిండి ఎలా ఉందని అడిగాను. అక్కడి సార్ చేరిన రోజే మెస్‌కు తీసుకెళ్ళి, వీడు అడిగినంత పెట్టండి అని చెప్పారట. మరి అప్పుడు నాకు చెప్పొచ్చు కదా అనబోయి ఆగాను. ఆ మాట అతనికి అర్థమైనట్టుంది.

"మీరు అడిగుండాల్సింది మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "అడిగితే చెప్పేవాణ్ణో లేదో తెలీదండి. సిగ్గేసేది. కానీ అడిగుండాల్సిందండి."

ఆ రెండు రోజుల సంగతి చెప్పాను. కాగితం రాయటానికి ఎందుకు వెనకాడానో దాచకుండా చెప్పాను. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ విన్నాడు. పరవాలేదండి అంటాడని లోపల ఎక్కడో ఎదురుచూశాను. అనలేదు. వాళ్ళ జట్టు వ్యాను హారన్ కొడితే, వస్తానండి అని చెప్పి వెళ్ళాడు.

ఇప్పుడు వారంలో మూడు రోజులు మధ్యాహ్నం నేను హాస్టల్ మెస్‌లోనే తింటున్నాను, ఆటగాళ్ళ బల్ల దగ్గర కూర్చుని. వడ్డించేవాడు నా ముందు ఎవర్నీ ఏమీ అనడు. నేను కూర్చోగానే పిల్లలు మాట్లాడటం ఆపేస్తారు. కొందరు గబగబా తినేసి లేచిపోతారు. నేనున్నానని తక్కువ పెట్టించుకునేవాళ్ళు కూడా ఉన్నారేమో, అదీ నాకు తెలియదు. అయినా వెళ్తున్నాను.