ప్రోకోప్ తాత కొట్టంలో నడిమి స్తంభం

మా తమ్ముడు మాతౌష్ గుండ్రటి గొడ్ల కొట్టాలు కట్టే వడ్రంగి. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ ఏడు జూన్ నాటికి వాడు కట్టింది ఒక్కటే. అంతకుముందు చలికాలమంతా విస్కాన్సిన్ ఉత్తరపు అడవుల్లో దుంగలు కోసి, రెండు వేళ్లు అక్కడే వదిలి వచ్చాడు. ఈ కొట్టం చూసి ఇంకొకరైనా పని ఇవ్వకపోతే మళ్లీ అడవికే. వాడి మూట మా తలుపు వెనక మేకుకి వేలాడుతూనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మా కొండల్లో అందరం బొహీమియా నుంచి వలసొచ్చిన వాళ్లమే. కొట్టమంటే నాలుగు మూలలు, లోపల వరసగా స్తంభాలు ఉండాల్సిందే. వీడేమో ఎల్మ్ చెట్టు పలకల్ని వాగులో నానబెట్టి, పీపాకి కట్టు వేసినట్టు చుట్టూ వంచాడు. పైన వాసాలు ఒకదాన్నొకటి ఆనుకుని, నడుమ స్తంభం లేకుండానే నిలబడతాయి. కొండవాలు వైపు నుంచి గడ్డి బండి నేరుగా పై అంతస్తులోకొచ్చి, గుండ్రంగా తిరిగి, వచ్చిన వాకిట్లోంచే పోతుంది. గుర్రాల్ని వెనక్కి నడిపించే పాట్లుండవు. కింద ఆవులు మొహాలు లోపలికి పెట్టి, ఒకే పళ్లెం చుట్టూ చేరిన చుట్టాల్లా మేస్తాయి.

ఇదంతా విని మా పక్క పొలం ప్రోకోప్ తాత తనకొకటి కట్టమన్నాడు. తీరా కప్పు పూర్తయ్యాక, పని జరిగేటప్పుడు ఆసరాకని మధ్యలో నిలిపిన స్తంభం తీసేద్దామంటే అడ్డం తిరిగాడు.

"తాతా, అది కప్పుని మోయట్లేదు" అన్నాడు మాతౌష్.

"మరి ఊరికే నిలబడి మా డొరోటాకి సైట్ కొడుతోందా? ఉండనీరా."

డొరోటా అంటే ఆయన భార్య. "నాకు ఈ వయసులో ఆ స్తంభమే దిక్కు. మీ తాత ఎటూ చూడడు" అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ స్తంభం ఉన్నంతకాలం చూసినవాళ్లంతా కప్పుని అదే మోస్తోందనుకుంటారు. ఇక గుండ్రటి కొట్టం ఎవడు కట్టించుకుంటాడు?

"నోట్లో నాలుక లేదట్రా నీకు?" అని ఇంటికొచ్చాక వాణ్ని దులిపేశాను.

"పెద్దాయన భయం పెద్దాయనది అక్కా" అన్నాడు, సూప్ తాగుతూ. అంత నిదానం చూస్తే నాకు ఇంకా మండింది.

కొత్త కొట్టంలో మొదటి గడ్డి ఎక్కించే ముందు అందరూ కలిసి అందులో చిందులెయ్యాలి, అది మా ఆనవాయితీ. ఆదివారం మధ్యాహ్నం బీరు పీపాలు, గసగసాలు పెట్టిన కొలాచీ రొట్టెలు, రెండు అకార్డియన్లు వచ్చాయి. మూలలు లేని చోట పోల్కా ఆట ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఎక్కడా ఆగక్కర్లేదు, గోడ వెంబడి తిరుగుతూనే ఉండొచ్చు. వాగవతలి లావుపాటి రైతు హావ్రానెక్ నన్ను లాక్కుపోయి అన్ని చుట్లూ తిప్పేశాడు. తలుపు వెనక మూట సంగతే మరిచిపోయాను.

ప్రోకోప్ తాత కూడా డొరోటాతో ఆడి ఆడి, ఆయాసం తీర్చుకుందామని స్తంభానికి వీపు ఆనించాడు. స్తంభం ఊగింది. మాతౌష్ ఒక్క ఉరుకున వచ్చి దాన్ని పట్టుకున్నాడు. తాత తలెత్తి చూశాడు. స్తంభం కొసకీ కప్పుకీ మధ్య బెత్తెడు వెలుతురు కనిపిస్తోంది. పాట ఆగిపోయింది.

"ఎప్పుడు కోశావురా?"

"పొద్దున తాతా. మీరు చర్చికెళ్లినప్పుడు."

"అంటే ఇందాకట్నుంచీ మేమంతా..."

"అవును తాతా."

తాత కప్పంతా ఒకసారి తేరిపార చూసి, టోపీ తీసి గట్టిగా పైకి విసిరాడు. అది వాసాల దాకా పోయి తిరిగి ఆయన కాళ్ల దగ్గరే పడింది.

"మరి ఈ కర్ర ఇంకా ఇక్కడెందుకు? నా పెళ్లాంతో ఆడనివ్వకుండా అడ్డం" అన్నాడు.

నలుగురు పట్టి దాన్ని బయటికి మోసుకుపోయారు. హావ్రానెక్ నా చెయ్యి వదలకుండానే మాతౌష్ వైపు తిరిగాడు. "నాకు దీనికన్నా పెద్ద కొట్టం కావాలి. వచ్చే నెల మొదలెడతావా?"

వాడు తల ఊపాడు. నాకు ఏడుపొచ్చేసింది. తను నా కాలు తొక్కినందుకేమోనని హావ్రానెక్ కంగారుపడ్డాడు.

ఇంటికి రాగానే మూట విప్పాను. ఉన్ని మేజోళ్లు పెట్టెలోకి పోయాయి. ఆ సంచిలో ఇప్పుడు ఉల్లిపాయలు పోస్తున్నాను.