అసిస్‌క్లో వెతికిన చోటు

కోర్దోబా ఊళ్ళో పెళ్ళి మాట ఎక్కడ అడిగితే పిల్ల కాదనదో తెలియాలంటే అసిస్‌క్లో అనే మనిషినే అడగాలి. గుర్రబ్బండి తోలే ఆ మహానుభావుడు, బండెక్కింది ప్రేమికులైతే చాలు, వంతెన మీద ఏ దీపం కింద మోకరిల్లాలో, పూలసందులో జనం ఎప్పుడు పలచబడతారో చెప్పి మరీ దింపుతాడు. అతని పుణ్యమా అని ఒకింటివాళ్ళయిన జంటలు వందకు పైమాటే. తన ఫ్వెన్‌సాంతాను అడగడానికి మాత్రం అతనికి పద్నాలుగేళ్ళుగా చోటు దొరకలేదు.

ఆమెకు నలభై మూడేళ్ళు. సాన్ బసీలియో పేటలో ఆరు కుటుంబాలుండే పాత ఇంటి నడిమి లోగిలి ఆమె చేతిమీదే నడుస్తుంది. గోడలకు వేలాడే మూడువందల పూలకుండీలకూ, పొడవాటి కర్ర చివర డబ్బా కట్టి, తనే నీళ్ళు పోస్తుంది. ఆదివారం వచ్చిందంటే అసిస్‌క్లో దిగుతాడు. ఆమె తల్లి ఆంగుస్తియాస్ వండిన ఎద్దుతోక కూర తిని, మూతి తుడుచుకుంటూ, వంతెన మీద గాలెక్కువనీ, తోటలో జనం ఎక్కువనీ, నీకు తగ్గ చోటు చూస్తున్నాననీ చెబుతాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ముసలావిడ అతని మొహమ్మీదే అనేది. ఫ్వెన్‌సాంతా నవ్వి ఊరుకునేది. ఎందుకు నవ్వానా అని తలుచుకుంటే ఇప్పుడామెకు ఒళ్ళు మండుతుంది.

ఈ మే నెలలో, పూలు పెంచే లోగిళ్ళ మధ్య పోటీ జరిగే రోజుల్లో, అసిస్‌క్లో ఆమె చెవిలో ఒక మాట వేశాడు. బుధవారం మధ్యాహ్నం, చూసేవాళ్ళను రానివ్వని వేళలో, లోగిలి తనకివ్వాలట. నేలంతా ఎర్ర జెరేనియం పూల రేకులు పరవాలట. ఎవరి కోసమని ఆమె అడగలేదు. అడగడానికేముంది? ఇన్నేళ్ళూ మీనమేషాలు లెక్కపెట్టిన మనిషి చివరికి తన లోగిలినే ఎంచుకున్నాడనుకుంది. ఆ సాయంత్రమే బహుమతి ఇచ్చేవాళ్ళు చూడటానికి వస్తారని తెలిసీ, ఎండ పడే గోడ మీది పూలన్నీ తన చేత్తోనే తుంచింది. పోటీ రోజున ఆ పేటలో ఏ ఆడదైనా సొంత జడ కత్తిరించుకుంటుందేమో గాని జెరేనియం మీద చెయ్యి వెయ్యదు. స్నానం చేసి ఆకుపచ్చ గౌను వేసుకుంది.

మూడింటికి తలుపు చప్పుడైంది. అసిస్‌క్లో వెనకాల ఎండకు కమిలిన పరాయి దేశపు కుర్రాడూ, అతను ప్రేమించిన పిల్లా ఉన్నారు. అతను రేకుల మీద మోకరిల్లాడు. ఆ పిల్ల ఏడుస్తూనే సరేనంది. అసిస్‌క్లో చప్పట్లు కొట్టాడు. బావి పక్కన నిలబడి చూస్తున్న ఫ్వెన్‌సాంతాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ జంట వెళ్ళాక అతను చేతులు రుద్దుకుంటూ దగ్గరికొచ్చాడు.

"చూశావా, ఎంత బాగా కుదిరిందో. మనక్కూడా ఇక్కడే బాగుంటుందేమో. వచ్చే ఏడు చూద్దాం."

"వద్దు, అసిస్‌క్లో."

"ఇక్కడొద్దా? పోనీ, ఇంకో చోటు..."

"చోటు కాదు. నువ్వే వద్దు."

"అదేంటి, నేనింకా అడగనే లేదు కదా."

"పద్నాలుగేళ్ళు అడక్కుండా కూర్చున్నావే, దానికే చెబుతున్నా జవాబు."

ఆమె చీపురు తీసుకుని రేకులు ఊడవడం మొదలుపెట్టింది. చీపురు అతని కాళ్ళ దాకా వచ్చినా ఆగలేదు. అతను ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వీధిలో పడేదాకా ఊడ్చింది.