ఏడో రాగి డబ్బా

ఆ రోజుల్లో మా లెక్కల్లో రాగి ఎప్పుడూ అద్దంలా నున్నగా ఉండేది. పుస్తకాల్లో అలాగే ఉండేది కాబట్టి మేమూ అలాగే అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఇలాంటి లెక్కలు కంప్యూటరే చేస్తోంది. రాగి ఎంత గరుకుగా ఉందో చెప్పమని ముందే ఒక గడిలో అడుగుతుందట. మమ్మల్ని అలా అడిగినవాళ్ళు లేరు. నా దగ్గర ఒక స్లైడ్‌రూలు, ఒక లాగరిథమ్ పుస్తకం, ఒక డైరీ, వాటన్నిటికంటే బరువుగా నా మీద నాకు నమ్మకం ఉండేవి. (మొదటి మూడూ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. నాలుగోది ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.)

డెబ్బైల మొదట్లో, నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, విజయవాడ పటమటలో ఒక రేకుల షెడ్డులో ఉద్యోగం. వైర్‌లెస్ యంత్రాలకు భాగాలు చేసేవాళ్ళం. యజమాని ఒకప్పుడు కాలేజీలో ఫిజిక్సు చెప్పినాయన కావడంతో అందరికీ మాస్టారే. చేతిపని అంతా ఒక పెద్దాయనది. ఆయన చేతిలో ఎప్పుడూ లోహం అరగదీసే ఆకురాయి ఉండేది, అన్నం తినేటప్పుడు కూడా పక్కన పెట్టుకునేవాడు, అందుకని ఆకురాయి బాబాయి అనేవాళ్ళం. ఆ ఏడు మద్రాసు నుంచి మాకు దొరికిన ఆర్డరు ఆరు రాగి డబ్బాలు. జానెడు పొడుగు, గుండ్రటి ఆకారం, లోపల నిలువుగా ఒక రాగి కడ్డీ, పైన మూత. వచ్చే తరంగాలన్నిటిలోంచి కావలసిన ఒక్కదాన్నే పోనిచ్చి, తక్కినవాటిని ఆపడం దాని పని. ఆ పోయే ఒక్క తరంగమూ దారిలో ఎంత నష్టపోతుందో ముందుగా లెక్క కట్టి ఇవ్వాలి. ఆ లెక్క నేనే కట్టాను. పదిహేను పేజీలు. కింద సంతకం పెట్టి, సంతకం కింద గీత కూడా గీశాను. దానికంటే నష్టం ఎక్కువైతే సరుకు వాళ్ళు తీసుకోరని ఒప్పందం.

బాబాయి ఆరింటితో పాటు, ఎందుకైనా మంచిదని, ఏడోది కూడా చేశాడు. తనిఖీకి మద్రాసు నుంచి ఒకాయన సోమవారం వస్తాడనగా శనివారం చూస్తే, వానాకాలం గాలికీ మా అందరి వేలిముద్రలకీ డబ్బాలు నల్లబడి ఉన్నాయి. ఇలాంటివి ఎలా చూపిస్తామనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఏడింటినీ గోనెసంచిలో వేసి, సైకిలు వెనక కట్టుకుని గుణదలలో మా పిన్ని ఇంటికి తీసుకెళ్ళాను. నేను ఉండేది అక్కడే. చర్చిలో కొవ్వొత్తి స్టాండ్లు ప్రతి శనివారం తోమేది మా పిన్నే. చింతపండూ ఇటుకపొడీ పట్టుకుని ఆవిడ కూర్చుందంటే రాగికైనా ఇత్తడికైనా నల్లగా ఉండే ధైర్యం లేదు. సాయంత్రానికి ఒక డబ్బా నా ముఖం దగ్గర పెట్టి, “ఏరా, దీంట్లో చూసి తల దువ్వుకోవచ్చు” అంది. నాకెంత గర్వమంటే, ఆ శనివారం డైరీలో పేజీ నిండా రాశాను.

సోమవారం మద్రాసు ఆయన రెండు పెట్టెల యంత్రాలతో దిగాడు. నెల్లూరు వైపు తెలుగాయనే. మాట తక్కువ, తల ఊపడం ఇంకా తక్కువ. డబ్బాలు చూసి మొదట మెచ్చుకున్నాడు. కొలిచాక మెచ్చుకోలేదు. నష్టం నా లెక్కకు ఒకటిన్నర రెట్లుంది. రెండోది కొలిచాడు, అంతే. మూడోదీ అంతే. “మీ లెక్క బాగానే ఉందండీ, పనితనంలోనే ఏదో తేడా” అన్నాడాయన. మరునాడు సాయంత్రం రైలుకు టిక్కెట్టుందని కూడా అన్నాడు.

భోజనాల వేళ మాస్టారు నన్ను పక్కకు పిలిచి, అతుకులు సరిగా పడలేదన్నారు. “చెయ్యి వణుకుతోందోయ్ ఆయనకి. ఈ ఆర్డరుతో ఇంట్లో కూర్చోమని చెప్పేద్దాం” అన్నారు. గుసగుసలాడటం మాస్టారికి రాదు, పాఠం చెప్పిన గొంతు. బాబాయి క్యారియర్ మూత తీసినవాడల్లా మళ్ళీ పెట్టేశాడు. తన రెండు చేతులూ ముందుకు చాపి కాసేపు చూసుకున్నాడు. ఆ చేతులు వణకడం లేదు.

నేను లెక్క మళ్ళీ మొదటి నుంచి చేశాను. తప్పు లేదు. ఇంకేం చేయాలో తోచక, అలవాటు కొద్దీ సంచిలోంచి డైరీ తీసి వారం పేజీలు తిరగేశాను. శనివారం దగ్గర, నా గర్వమంతా అయిపోయాక అడుగున ఒక ముక్క ఉంది: ‘పిన్ని ఆరు తోమింది. ఏడోదానికి చింతపండు చాలలేదు.’ దాని నల్లముఖం చూపించలేక ఆ ఏడోదాన్ని పొద్దున నేనే షెడ్డులో బల్లకింద దాచాను. తీసుకొచ్చి మద్రాసు ఆయన ముందు పెట్టాను. ఆ నల్లదాన్ని చూసి ఆయన ముఖం చిట్లించాడు గానీ, కొలిచాడు. యంత్రం ముల్లు నేను కట్టిన లెక్క పక్కనే వచ్చి నిలబడింది.

అందరూ నావైపు చూశారు. అప్పుడు ఊరుకుంటే ఉద్యోగం ఉండేదేమో, చెబితే పోయేదేమో. బాబాయి క్యారియర్ ఇంకా మూసే ఉంది.

“తప్పు బాబాయిది కాదండి మాస్టారూ. ఆ ఆరూ నేనే మా పిన్ని చేత తోమించాను. లోపలా బయటా, చింతపండూ ఇటుకపొడీ పెట్టి.”

మాస్టారు స్టూలు మీద కూర్చుండిపోయారు. మద్రాసు ఆయన కళ్ళజోడు తీశాడు. బాబాయి ఒక్కడే అసలు ప్రశ్న అడిగాడు.

“ఎట్టా తోమిందిరా? నిలువునా, గుండ్రంగానా?”

“గుండ్రంగానే బాబాయ్. చెంబు తోమినట్టు.”

“నేను ఆకురాయి పైనుంచి కిందికే తీస్తాను గదరా. అడ్డంగా తీస్తే మా గురువు చేతి మీద కొట్టేవాడు.”

అప్పుడు వెలిగింది నాకు. అంత వేగంగా ఊగే కరెంటు రాగి లోపలికి దిగదు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పైపొరలోనే, డబ్బా లోపలి గోడ వెంట పైకీ కిందికీ పరిగెడుతుంది. మాది ఉయ్యూరు దగ్గర చెరకు పండే ఊరు. సాలు వెంట సైకిలు తొక్కడమూ తెలుసు, సాళ్ళకు అడ్డంగా తొక్కడమూ తెలుసు. మా పిన్ని ఆరు డబ్బాల్లోనూ కరెంటు దారికి అడ్డంగా సాళ్ళు తోలింది. కరెంటు ప్రతి గీతలోనూ దిగి ఎక్కాలి. దారి పెరిగింది, నష్టం పెరిగింది. ఏడోదాని మీది నలుపు పలచటి మరకే, దారికి అడ్డు రాలేదు. కంటికి తళతళలాడేది కరెంటుకు దున్నిన చేను.

బాబాయి ఆరింటినీ ఒళ్ళోకి లాక్కుని, సన్నటి ఉప్పుకాగితంతో పైనుంచి కిందికి మొదలుపెట్టాడు. (అన్నం ఆ రోజు తిననే లేదు.) ఆయన రుద్దుతుంటే నేను గీతల లోతు అంచనా వేసి, గరుకును కూడా లెక్కలో కలిపి కొత్తగా కట్టాను. మరునాడు మధ్యాహ్నం, మద్రాసు ఆయన కొలవకముందే ఆరింటికీ నష్టం ఎంతొస్తుందో కాగితం మీద రాసి బోర్లించాను. మొదటిది కొలిచాడు, కాగితం తిప్పి చూశాడు. ఆరోదానికి వచ్చేసరికి తిప్పకుండానే నవ్వుతున్నాడు. నష్టం ఒప్పందం దాటలేదు కాబట్టి సరుకు తీసుకున్నాడు, రైలు అందుకున్నాడు, ఆ కాగితం కూడా అడిగి పట్టుకుపోయాడు. మాస్టారు తన క్యారియర్‌లోంచి గోంగూర పచ్చడి తీసి బాబాయి మూతలో వేశారు. బాబాయి ఆ షెడ్డులో ఇంకో తొమ్మిదేళ్ళు ఆకురాయి పట్టాడు.

ఇంట్లో విజయం అంత సులువు కాలేదు. “అయితే నేను తోమింది తప్పంటావు. చెంబు నిలువునా తోమేదాన్ని ఒక్కదాన్ని చూపించు” అని పిన్ని వారం రోజులు నాతో ముభావంగా ఉంది.

ఏడో డబ్బా ఇప్పుడు నా బల్లమీద కలాలు మోస్తోంది. మరీ నల్లబడిందని మా ఆవిడ నెలకోసారి చేయి చాస్తుంది, నేను ఇవ్వను. మొన్న ఆ మంగళవారం పేజీ తీశాను. పేజీ మొత్తానికి ఎర్ర సిరాతో ఒకే వాక్యం: ‘నా లెక్క గెలిచింది.’ ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడి మీద నవ్వొచ్చింది. డైరీలో రాసింది కొట్టేయడం నాకు అలవాటు లేదు. అందుకని కొట్టేయకుండా, దాని కింద పెన్సిలుతో చిన్నగా చేర్చాను: ‘గెలిపించినవి: బాబాయి చేయి, పిన్నికి చాలని చింతపండు.’