కనకరత్నం గారు పంచిన మొక్కలు

మా కాలనీలో ఎవరు కొత్త ఇంట్లో పాలు పొంగించినా కనకరత్నం గారు రావాలి. చేతిలో ఒక కొబ్బరి మొక్క ఉండాలి. సబ్బవరం పక్కన పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు ఇళ్ళయిన ఈ పదేళ్ళలో ఆ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు. బస్టాండు నుంచి ఆ మొక్కల్ని మోసుకొచ్చేది నా ఆటో. నా పేరు అర్జునరావు. నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత అని మా ఆవిడ అంటుంది. అంటే అననీ, అబద్ధమేమీ కాదు.

కనకరత్నం గారిది గోదావరి జిల్లా. భర్త స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. మొదట్లో మావాళ్ళు ఆవిణ్ణి దగ్గరకు రానివ్వలేదు. "గోదారోళ్ళు గదా, మనకి మర్యాదలు నేర్పడానికొచ్చేరు" అని కుళాయి దగ్గర ఎకసెక్కాలు. అంతలో హుద్‌హుద్ తుపాను వచ్చింది. మొగుడు పోయాక బొండాలమ్ముకుని బతికే చిట్టెమ్మ పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లుంటే ఐదు నేలకూలాయి. చిట్టెమ్మ ఆ మానుల మీద పడి ఏడుస్తుంటే మేమంతా అయ్యో అన్నాం, అంతవరకే. కనకరత్నం గారు మాత్రం గోదావరి వైపు తమ ఊళ్ళో ఉన్న తమ్ముడి నర్సరీ నుంచి ఐదు మొక్కలు తెప్పించి, గునపం పట్టి స్వయంగా గోతులు తీసి నాటారు. ఆ రోజు నుంచి చిట్టెమ్మకి ఆవిడ "అప్ప" అయింది. సొంత అక్కని పిలిచినట్టే పిలిచేది. కాలనీకి పెద్దదిక్కూ ఆవిడే అయింది. కాఫీ పొడి అప్పు దగ్గర్నుంచి పెళ్ళిచూపుల దాకా ఆవిడ లేనిదే ఏదీ జరిగేది కాదు.

నిరుడు ఎండాకాలం నుంచి చెట్లు నల్లబడటం మొదలైంది. ఆకుల మీద మసి, బొండాల మీద మసి, కింద గచ్చంతా జిగురు. విశాఖపట్నంలో నల్లగా ఏది కనబడినా మాకు పోర్టు బొగ్గే. దండెం మీది బట్ట నల్లబడితే బొగ్గు, పిల్లాడు దగ్గితే బొగ్గు. పోర్టు నుంచి ఇంత దూరం గాలికి కొట్టుకొచ్చి మా కొంపలు ముంచుతోందని నేను నాలుగు వీధులు తిరిగి అరిచాను. కలెక్టరాఫీసుకి అర్జీ కూడా నేనే రాశాను, ముప్పయ్యారు సంతకాలు పెట్టించాను. చిట్టెమ్మ బొండాల్ని ముట్టుకునేవాడే లేకుండా పోయాడు మరి. బండి నిండా తీసుకెళ్ళి, నిండుగానే వెనక్కి తెచ్చుకునేది.

సోమవారం పొద్దున్నే అర్జీతో బయల్దేరుతుంటే ఉద్యానశాఖ నుంచి చెట్లు చూడ్డానికి కీర్తన అనే అమ్మాయి వచ్చింది. చిట్టెమ్మ పెరట్లో అందరం గుమిగూడాం. ఆ అమ్మాయి బొటనవేలు తడిచేసి ఆకు మీద రుద్దింది. నల్లదనం పాల మీద మీగడలా పొరగా లేచొచ్చింది.

"బొగ్గయితే ఇలా ఊడిరాదండీ. ఇది బూజు. పై మట్టకున్న పురుగులు తీపి జిగురు కారుస్తాయి, దాని మీద ఇది పెరుగుతుంది" అంది. మట్ట వంచి ఆకు అడుగువైపు చూపించింది. వేలితో ముగ్గు చుట్టినట్టు తెల్లటి చుట్టలు, దూదిలాంటి పొడి, దానిలో కదిలే రెక్కలు.

ఏడాదిగా ఆ చెట్ల కిందే ఆటో పెడుతున్నాను. ఒక్కసారి తలెత్తి చూడలేదు.

"తెల్లదోమ అంటాం గానీ ఇది దోమ కాదు, ఈగ కాదు. పేనుబంకకీ పిండినల్లికీ చుట్టం. వీటిలో చాలా జాతులున్నాయి. రెక్కలొచ్చాక పోల్చుకోవడం కష్టం, అది విడిచిపోయిన గుల్లని చూసి ఏ జాతో చెప్తాం. ఈ జాతి పుట్టిల్లు అమెరికా ఖండం నడిమి దేశాలు. మన దేశంలో 2016లో తమిళనాడు కొబ్బరితోటల్లో మొదట కనబడింది."

"కొబ్బరొక్కదానికేనాండి?" అన్నారు కనకరత్నం గారు.

"అరటి, జామ, సపోటా, సీతాఫలం, మామిడి. వందకు పైగా మొక్కల మీద బతుకుతుంది."

అందరం ఒక్కసారే ఎవరి పెరడు వైపు వాళ్ళం చూశాం. అవి లేని ఇల్లు కాలనీలో లేదు.

"అంత దూరం నుంచి ఎగిరొచ్చీసిందేటి?" అని చిట్టెమ్మ అడిగింది.

"ఎగిరి కాదమ్మా. మొక్కలతో వస్తుంది. మనుషులే మోసుకొస్తారు."

"ఏ దరిద్రుడు మోసుకొచ్చేడో, ఆడి సేతులు పడిపోను" అంది చిట్టెమ్మ.

కనకరత్నం గారి మొహం చూశాను. కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నాకప్పుడు తట్టింది. ముందటేడు శ్రావణంలో వచ్చిన తొమ్మిది మొక్కలకీ ఆకుల అడుగున తెల్లటి పొడి ఉంది. నా సీటంతా అంటుకుంటే విసుక్కుంటూ గుడ్డతో తుడిచాను. "సున్నం బస్తాల పక్కన ఎక్కించేసుంటాడండి మా తమ్ముడు" అని ఆవిడ నవ్వి, కొంగుతో పైపైన దులిపి ఇంటికొకటి పంచేశారు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. చెప్పొద్దని తల అడ్డంగా ఊపాను.

ఆవిడ నా వైపు చూసి కూడా చెప్పేశారు. "నేనే తెచ్చాను చిట్టెమ్మా. ముందటేడు మొక్కలకి తెల్లగా ఉంది. సున్నమనుకున్నాను."

కీర్తన ఏదో సర్దబోయింది. తెలియక జరిగింది, ఘాటు మందులు కొట్టొద్దు, దీన్ని తినే చిన్న కందిరీగ కూడా ఉంది, నీళ్ళు గట్టిగా చిమ్మితే తగ్గుతుంది అని. ఎవరి చెవికీ ఎక్కలేదు.

"ఎందుకు సెప్పీసినావు?" అంది చిట్టెమ్మ. గొంతు పెంచలేదు. "సెప్పకపోతే నాకు తెలీదు గదా. ఊరూ పేరూ లేనోణ్ణి తిట్టుకుని పడుండేదాన్ని. ఇప్పుడు నాను ఎవుల్ని తిట్టుకోవాల?"

చిట్టెమ్మ మట్ట వంచి అడుగునున్న తెల్లటి పొడిని వేలితో తీసి చూసింది.

"ఆ పొడి ఇంకెవులూ సూళ్ళేదా?"

"లేదమ్మా. నేనొక్కదాన్నే చూశాను."

అర్జీ నా చేతిలోనే ఉంది. ఊరందరి మీదా ఎగిరిపడే నా నోరు అప్పుడు పెగల్లేదు. కోపం వస్తుందేమోనని చూశాను, అదీ రాలేదు.

చిట్టెమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "అర్జునా, ఈవిణ్ణి ఇంటికాడ దింపీ. మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దని సెప్పు."

కనకరత్నం గారు నా పక్కనే నిలబడి ఆ మాట విన్నారు. నేను సరేనన్నాను.