పొయ్యి తీగకు నేనేసిన ముళ్లు

ఇప్పటి పిల్లలకు కరెంటు ఒక్క నిమిషం పోతే కోపమొస్తుంది. మా కాలంలో కరెంటు ఉంటేనే భయం. నేను పుట్టిన ఆళ్లగడ్డలో మా వీధికి అప్పటికింకా కరెంటు దీపం రాలేదు. పదారేండ్లకు పెండ్లయి నంద్యాలకు వచ్చినాక, గోడ మీద మీట నొక్కితే బల్బు వెలగడం చూసి మూడు దినాలు దాన్ని ముట్టుకోలే. మా ఆయన్నే పిలిచి నొక్కించుకుంటాంటి. ఆయనది వైరింగు పని. పత్తికట్టె పొగకు నా కండ్లు మండుతాండాయని, మట్టిపెంకులో గాడులు తీసి, చుట్టల తీగ అమర్చి, కరెంటు పొయ్యి చేసిచ్చినాడు. మా వరసలో నాలుగిండ్లు. తక్కిన మూడిండ్ల ఆడోళ్లూ వచ్చి చూసిపోయినారు. నాకు పొగరెక్కింది, అబద్ధమెందుకు.

నెల తిరక్కుండానే తీగ తెగింది. మా ఊర్లో బాయి చేంతాడు తెగితే ఏం చేస్తాం? పుచ్చిన తావు కోసేసి, మిగిలినదానికి ముడేస్తాం. నేనూ అదే చేసినా. మీట ఆపేసి, కాలిన కొనలు కత్తిరించి, రెండూ కలిపి మెలేసి, చుట్టలు సాగదీసి గాడిలో నిండుగా కూర్చోబెట్టినా. చూసేదానికి కొత్తదాని మాదిరే ఉండాది. పైగా అన్నం ముందటికన్నా తొందరగా ఉడికింది! కొత్త ఎద్దుకు కాడి అలవాటయినట్ల పొయ్యికి పని అలవాటయిందనుకున్యా. మళ్లా తెగింది, మళ్లా కోసినా. కోసే కొద్దీ ఇంకా ఎర్రగా మండుతాంది. మా ఆయనకు మాత్రం చెప్పలే. చెప్తే నీకు చేతగాదని పొయ్యి ఎత్తి అటక మీద పెడతాడని భయం.

ఆ నాలుగిండ్లూ మా ఆయనకు పనిచ్చే మేస్త్రివే. ఉన్నట్టుండి ఎగిరిపడతాడని ఊరంతా ఆయప్పను ఫ్యూజు సాయిబు అనేది (మొకం మీద అనరులే). ఒకవారం నాలుగిండ్లకూ ఉన్న ఒక్క ఫ్యూజు వరసగా మూడు సాయంత్రాలు ఎగిరిపోయింది. మా ఆయన నిచ్చెనెక్కి ప్రతి వైరూ లాగి చూసినాడు, ప్రతి అతుకూ విప్పి కట్టినాడు. నేను కింద లాంతరు పట్టుకొని నిలబడినా. మూడోనాడు సాయిబు వాకిట్లోకొచ్చినాడు.

"ఏమప్పా, ఆళ్లగడ్డ మిల్లు వైరింగు నీకే అప్పజెప్దామనుకొంటి. నాలుగిండ్ల ఫ్యూజు నిలబెట్టలేనోనివి, మిల్లు నిలబెడతావా? ఇంకొకర్ని చూసుకుంటాలే."

 మా ఊర్లో, మావాళ్ల ముందర, మా ఆయన చేత్తో దీపాలు వెలగాలని నేను ఎంత ఆశపడినానో! ఆ రాత్రి మా ఆయన కంచం ముందర తినకుండా కూచున్యాడు.

"ఫ్యూజు ఎందుకు పోతాదసలు?" అన్నా.

"మోయలేనంత కరెంటు పారితే పోతాది. మనది పది ఆంపులు దాటితే పోతాది. యాడ ఎక్కువ పారుతాందో అంతు దొరకలే."

కోసే కొద్దీ ఎర్రగా మండిన తీగ గుర్తుకొచ్చింది. "పొయ్యిలో చూసినావా?"

"ఆడ చూసేదేముంది? ఐదు పారుతాది. నేను చేసిందే గదా."

"అయినా చూడు" అన్నా. 

మర్నాడు మధ్యాన్నం కరెంటు కొలిచే మీటరు తెచ్చినాడు. ముందు అటక మీద ఉన్న కొత్త తీగ పెడితే ముల్లు ఐదు కాడ నిలిచింది. నా తీగ పెడితే పోయి పది కాడ కూచుంది. ఆయన ముల్లుకల్లా చూసి, నాకల్లా చూసినాడు.

"ఏమే, దీన్నేం చేసినావు?"

"చేంతాడు తెగితే మనం..." అని మొదలుపెట్టినా. అంతా విని గడప మీద కూలబడినాడు. తిట్టింటే బాగుండు.

"సాయిబు నమ్మడు. తప్పు పెండ్లాం మీదకు నెడతాండావంటాడు."

"నేనే పోయి చెప్తా."

"నువ్వా? ఓమ్ములెంతని అడుగుతాడు. లెక్క లేకుండా ఆయప్ప కాడ మాట నడవదు."

"ఆ లెక్కేందో నాకు చెప్పు."

చెప్పినాడు. ఓల్టులు రెన్నూట ఇరవై. దాన్ని పారే కరెంటుతో భాగిస్తే తీగ ఎంత అడ్డం పడుతుందో తెలుస్తుంది, అవి ఓమ్ములు. హెచ్చిస్తే ఎంత బలంగా మండుతుందో తెలుస్తుంది, అవి వాట్లు. హెచ్చవేత నోటికొచ్చుగాని భాగహారం నాకు రాదు. రెన్నూట ఇరవై చింతగింజలు ఎంచి ఐదు కుప్పలు పెట్టినా. నాలుగింట్లో నలభై నాలుగు, ఐదోదాంట్లో నలభై మూడు. మూడుసార్లు పంచినా అంతే. "ఒకటి వైర్లో కారిపోతాందేమో" అంటే, అంత దిగుల్లోనూ మా ఆయన నగినాడు. గింజ నా మోకాలి కింద దొరికింది. మళ్లా కలిపి పది కుప్పలు పెడితే కుప్పకు ఇరవై రెండు.

తెల్లారి గింజలు ఒళ్లో కట్టుకొని సాయిబు అంగడి అరుగెక్కినా. "సాయిబన్నా, వైరింగులో తప్పు లేదు. పొయ్యి తీగ సగం నేను కోసేసినా."

"సగమని నీకెట్ల తెలుసమ్మా?"

"కొత్తదానికి ఓమ్ములు నలభై నాలుగు, నాదానికి ఇరవై రెండే. అడ్డం సగమయితే పారేది రెండింతలు. అప్పుడు వాట్లు పదకొండు నూర్లు, ఇప్పుడు రెండువేల రెన్నూరు. ఒక పొయ్యిలో రెండు పొయ్యిలు మండుతాండాయన్నా. దానికే పది పోతే, సాయంత్రం నాలుగిండ్లల్లో దీపాలేసేసరికి ఫ్యూజెట్ల ఆగుతాది?" ఊపిరి తీసుకోకుండా చెప్పేసినా. ఆగితే మర్చిపోతానని.

సాయిబు గడ్డం గోక్కున్యాడు. "మీ ఆయన నేర్పించి పంపినాడా?"

"లెక్క చెప్పింది ఆయన. తీగ కోసింది నేను. నమ్మకుంటే ఇంకో అంకె ఇయ్యి, నీ ముందరే చేస్తా."

"కరెంటు నాలుగు. చెప్పు."

అరుగు మీదే కూచొని కొంగు పరిచి నాలుగు కుప్పలు పెట్టినా. అంగడికొచ్చినోళ్లు చుట్టూ మూగినారు. ఎవరో గింజలమ్మేదనుకొని శేరెంతని అడిగినారు గూడా! నేను తలెత్తలే. "యాభై ఐదు ఓమ్ములు. వాట్లు ఎనిమిదినూర్ల ఎనభై."

సాయిబు వంగి ఒక కుప్ప ఎంచి చూసినాడు. తర్వాత, "ఆళ్లగడ్డకు మీ ఆయన్నే పంపిస్తా పో. నువ్వు మాత్రం ఆడికి కత్తెర తీసకపోవద్దు" అన్నాడు.

మిల్లులో దీపాలు వెలిగిననాడు మా ఊరోళ్లంతా నోరు తెరుచుకొని బల్బులకల్లా చూసినారు. నేనొక్కదాన్నే ఫ్యూజు పెట్టెకల్లా చూస్తా, ఊపిరి బిగబట్టి నిలబడినా. మా ఆయన పక్కకొచ్చి "పోదులే, పైకి చూడు" అన్నాడు. అప్పుడు చూసినా. ఆయన పోయి చానా యేండ్లయింది. ఆ పదారేండ్ల పిల్లను తల్చుకుంటే నాకు నగొస్తాది. అంత భయం కడుపులో పెట్టుకొని అంత గట్టిగా ఎట్ల మాట్లాడిందో! ఇప్పుడైతే అట్ల మాట్లాడేది నాతో కాదు.