రెండో మాటకు జవాబు

కాజీపల్లి మందుల కంపెనీలో సత్తయ్యను పనివాళ్ళు వెనకాల ‘ఆడిట్ సత్తయ్య’ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. తనిఖీవాళ్ళు ఢిల్లీ నుంచి రానీ, విదేశాల నుంచి రానీ, వాళ్ళు లోపల అడుగుపెట్టక ముందే సత్తయ్య తన మనుషులను వరసగా నిలబెట్టి పాఠం చెప్పేస్తాడు.

"అడిగినదానికే జవాబు. ఎక్కువ మాట్లాడితే కొంప మునుగుతది. అందరిది ఒకటే మాట ఉండాలె, సమజైందా?"

అందరిదీ ఒకటే మాట ఉంటుంది. అందుకే సత్తయ్య చూసే బ్లాకు మీద ఇంతవరకు ఒక్క తప్పు రాయలేదు ఎవరూ. మేనేజర్లు వచ్చారు, పోయారు, సత్తయ్య మాత్రం ఉన్నాడు. ఒకప్పుడు అతని జొన్నచేను ఉన్నచోటే ఇప్పుడు కంపెనీ బాయిలర్ నిలబడి పొగ వదులుతోంది. దాన్ని చూసి కుమిలిపోయే రకం కాదు అతను. భూమి పోయిందా, పోయింది. హెల్పరుగా చేరి, పని నేర్చుకుని, సూపర్‌వైజరై కూర్చున్నాడు.

ఆ జొన్నచేను పక్క చేను యాదన్నది. ఇద్దరికీ బావా బావా అనే పిలుపు. కంపెనీలో చేరింది కూడా కలిసే. యాదన్న మాత్రం డ్రమ్ములు కడిగే పని దగ్గరే ఆగిపోయాడు. ఆగితేనేం, క్యాంటీన్లో నవ్వు వినిపించిందంటే అక్కడ యాదన్న ఉన్నట్టే లెక్క. మేనేజరు నడక నడిచి చూపిస్తే వడ్డించేవాడు కూడా గరిటె పట్టుకుని పగలబడి నవ్వాల్సిందే.

నిరుడు యాదన్న భార్య ఇందిరమ్మ పోయింది. పిల్లలు లేరు. కొల్లూరు కాలనీలో సర్కారిచ్చిన రెండు గదుల ఇల్లు, ఎనిమిదో అంతస్తు, అందులో ఒక్కడే. దినాలు కాగానే డ్యూటీకొచ్చి ఆ రోజే ఏదో జోకు వేశాడు. హమ్మయ్య, మనిషి తేరుకున్నాడు అనుకున్నాడు సత్తయ్య. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు.

ఇలా ఉండగా యూనివర్సిటీ నుంచి నిషిత అనే అమ్మాయి వచ్చింది. బతుకుకు అర్థం ఉందని మనుషులు ఎంతవరకు అనుకుంటారో కొలవడం ఆమె చదువు. ఆమె ఒక మాట చదువుతుంది. అది మనకు అసలు కుదరకపోతే ఒకటి అనాలి, పూర్తిగా కుదిరితే ఏడు అనాలి, మధ్యలో ఉంటే మధ్య అంకె. అంతే. కానీ బయటి మనిషి వచ్చి ప్రశ్నలు అడుగుతుందని చెవిన పడ్డాక సత్తయ్య ఊరుకుంటాడా?

"ఏది అడిగినా ఏడు. ఇగ వేరే మాటే లేదు," అని తేల్చేశాడు. పైగా ట్రైనింగ్ గదిలో తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు కాస్త బయట ఉంటారా అంకుల్?" అంది నిషిత.

"నేను లేకుంటే వీళ్ళు భయపడ్తరు మేడం."

పాపం, ఆ పిల్ల ఏమంటుంది? ఒక్కొక్కరే వచ్చారు. ఏడు. ఏడు. ఏడు. ఇంత నిండుగా బతికే జనాన్ని ఆమె లోకంలో ఎక్కడా చూసి ఉండదు. పెన్ను పట్టుకుని దిక్కులు చూసింది.

యాదన్న వచ్చి కూర్చున్నాడు.

"నా బతుకుకు ఒక అర్థం ఉంది," చదివింది నిషిత.

"ఒకటి," అన్నాడు యాదన్న.

సత్తయ్య గట్టిగా దగ్గాడు. వీడి దిమాఖ్ ఖరాబైందా? అంతగా చెప్పి పంపితే ఇదేం జవాబు?

"ఆ అర్థం కోసం నేను ఇంకా వెతుకుతున్నాను," రెండో మాట చదివిందామె.

యాదన్న నోరు తెరిచాడో లేదో సత్తయ్య మధ్యలో దూరాడు. "ఏడు! రెండిటికీ ఏడే రాస్కో మేడం. మావోనికి జెర చెవుడు."

యాదన్న బావ వంక చూసి నవ్వాడు. "మా బావ చెప్పినట్టే రాస్కో బిడ్డా," అని లేచి వెళ్ళిపోయాడు.

నిషిత పెన్ను కింద పెట్టేసింది. "అంకుల్, ఇది తనిఖీ కాదు. ఇందులో తప్పూ ఒప్పూ లేవు. మొదటిదానికి ఒకటి అన్నా, రెండోదానికి ఏడు అంటే ఆ మనిషి ఇంకా వెతుక్కుంటున్నాడని అర్థం. రెండిటికీ ‘ఒకటి’ అంటేనే నాకు భయం. అలాంటివాళ్ళను వదిలిపెట్టి పోకూడదు. ఆయన ఏం చెప్పబోయారు? మీరు వినలేదు, నన్నూ విననివ్వలేదు."

అంతలో షిఫ్టు మారే సైరన్ మోగింది, యాదన్న ఇంటికి పోయే వేళ. అంత పెద్ద మనిషి సత్తయ్య, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా గేటు వైపు పరుగెత్తాడు.

యాదన్న బండి సీటు తుడుస్తున్నాడు.

"ఒకటి అని ఎందుకన్నవ్ బావా? జోకా?" రొప్పుతూ అడిగాడు సత్తయ్య.

"జోకు గాదు." యాదన్న తుడవడం ఆపలేదు. "ఇందిర పోయినప్పటిసంది అందరు తిన్నవా అనే అడుగుతరు. తిన్న అంట. అయిపాయె. గా పిల్ల ఇంకోటి అడిగింది. చెప్పిన."

సత్తయ్య బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. రోజూ పక్కన కూర్చుని తిన్న మనిషి! రోజూ అతని జోకులకు నవ్విన మనిషి తను! ఛీ, ఏం చూశాడు ఇన్నాళ్ళూ?

"రెండోదానికేం చెప్తుంటివి?"

"నువ్వే చెప్తివి గదా, ఏడని."

"నా మాట ఇడిచిపెట్టు. నీది చెప్పు."

యాదన్న నవ్వాడు. క్యాంటీన్లో నవ్వే నవ్వే అది, రవ్వంత తేడా లేదు.

"అది గూడ ఒకటే బావా."

పక్కనుంచి బళ్ళు పోతున్నాయి. ఎవరో హారన్ కొట్టారు. ఎంతటి ఆడిటరుకైనా తడుముకోకుండా జవాబు చెప్పించినవాడు ఈసారి ఏ జవాబూ చెప్పించలేదు. చెయ్యి చాపి బండి తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు.

"ఏందిది? ఇంటికి పోవద్దా? నేను క్యాంటీన్లనే తిన్న," అన్నాడు యాదన్న.

"తిన్నవా అని అడుగుతలేను." సత్తయ్య యాదన్న చెయ్యి పట్టుకుని మళ్ళీ కంపెనీ లోపలికి తిప్పాడు. "ఆ మేడం ఇంక పోలే. నడువు, కూసుందాం. నువ్వే చెప్పు. నేను నోరు తెరువ."